యంత్రము మొరపెట్టుచున్నది, వినువారేరి?

షోలాపురమున మన పెద్దలు మగ్గపు చప్పుడు విని బ్రతికినవారు. మరమగ్గములు వచ్చిన పిమ్మటను ఆ చెవి చెడలేదు. పదుల మగ్గములు ఒక్కమారుగా మ్రోగుచున్న కొట్టమున నిలిచి, "మూడవ వరుసలో నాడె తడబడుచున్నది, ఆపుడు" అని చెప్పగల నేతగాండ్రను మేమెరుగుదుము. పోగు తెగకమునుపే దోషమును పట్టగల చెవి అది. అట్టివారి యిండ్లలో నేడు ఏసీ బుసకొట్టినను, గీజరు గడగడలాడినను, కూలరు కీచుమన్నను, "యంత్రమన్న తరువాత మ్రోగక మానునా" అని తలుపు వేసికొని పరుండుచున్నారు. ఈ ఉపేక్షను గూర్చియు, దీనివలన లాభపడుచున్నవారిని గూర్చియు నేడు నిష్ఠురముగానే వ్రాయవలసియున్నది.

మొదట వర్తకుల తప్పు చెప్పుదుము. మేమును వర్తకులమే గనుక ఈ నిందలో మాకును పాలు కలదు. కొన్న వారము దినములకే గ్రాహకుడు వచ్చి "ఏదో చప్పుడు వచ్చుచున్నది" అన్నచో, అంగడివాడు "క్రొత్తది గదా, సర్దుకొనును" అని సాగనంపును. వదులైన మర తనంతట బిగియుట లోకములో ఎక్కడను లేదు. పెట్టెలో వచ్చు పుస్తకము, మా చేతికి వచ్చినంతవరకు, ఇంగ్లీషునను హిందీనను ఉండును. దానిని బిల్లుతో చుట్టి చేతబెట్టి, చెప్పవలసినదెల్ల చెప్పినట్లే భావించుచున్నాము. అమ్మువేళ నోటినిండ తెలుగు మాటలాడి, చిక్కు వచ్చినవేళ ఇంగ్లీషు పుస్తకమును చూపుట వర్తకధర్మము కాదు.

ఇక మిస్త్రీల సంగతి. అందరును అట్టివారని మేమనము. కాని పెక్కుమందికి సకల రోగములకును ఒకటే మందు: "గ్యాసు తగ్గినది, నింపవలెను." ఈ మాట వినగానే మనవారు డబ్బు తీయుదురు. ఏసీలోని వాయువు స్కూటరులోని పెట్రోలువలె ఖర్చగునది కాదు. అది మూసిన గొట్టములలో లోపలికిని వెలుపలికిని తిరుగుచు, గదిలోని వేడిమిని మోసికొనిపోయి వీధిలో విడుచును. గొట్టము బాగుగ నున్నంతకాలము అది తరుగదు. తరిగినదన్నచో ఎక్కడనో కారుచున్నదనియే అర్థము. కారుచున్న తావు వెదకక నింపుట, చిల్లికుండకు నీరు పోసి కూలి పుచ్చుకొనుటయే. పైగా నేటి ఏసీలలో విస్తారముగ వాడుచున్న ఆర్-32 వాయువునకు కొంత మండు గుణము కూడ కలదు.

మా యింటనే ఇట్లు జరిగినది. మూడు వేసవులు వరుసగా చల్లదనము తగ్గెను, గొట్టముపై మంచు పేరెను, లోపలి పెట్టెనుండి ఎడతెగని బుస వినబడెను. మూడుమార్లును 3,000 రూపాయల వంతున 9,000 చెల్లించితిమి. నాలుగవయేట మన నేతవారి కుఱ్ఱవాడొకడు వచ్చి, వెలుపలి పెట్టె వెనుక రాగిగొట్టము బిగించిన నట్టుపై సబ్బునురుగు పూసెను. క్షణములో బుడగలు లేచెను! గొట్టపు మూతి మరల సరిచేసి నట్టు బిగించెను. అంతటితో ఆ పీడ వదలెను. పరులకు బుద్ధులు చెప్పు మేమే మూడేండ్లు మోసపోతిమని ఒప్పుకొనుటకు సిగ్గుపడము.

చప్పుళ్లన్నియు రోగములు కావు. ఏసీ ఆగినపుడు కొంచెముసేపు బుడబుడమనుట, లోపలి వాయువు ఒత్తిడి సమమగునప్పటి సవ్వడి. అప్పుడప్పుడు "టిక్కు" మనుట, చల్లబడియు వేడెక్కియు ప్లాస్టికు సాగి ముడుచుకొనుట. ఇన్వర్టరు ఏసీ వేగము మార్చుకొనుచుండును గనుక దాని స్వరము హెచ్చుతగ్గులగును. వీనికి భయపడి పైకమిచ్చుకొననక్కరలేదు.

దడదడ, గలగల యన్నచో మరలు వదులైనవి, లేదా వెలుపలి పెట్టెను నిలిపిన ఇనుప దన్ను కదలుచున్నది. ఇది స్క్రూడ్రైవరుతో పోవును. ఉపేక్షించినచో ఆ అదురునకు రాగిగొట్టము గోడకు రాసికొని, నాళ్లు గడచినకొలది చిల్లిపడును. గోటితో పోవుదానిని గొడ్డలిదాక తెచ్చుకొనుట యిదియే. కీచుమన్నను, కరకరలాడినను ఫ్యాను మోటారు బేరింగు అరిగియుండును, లేదా రెక్క ఎక్కడనో రాచుకొనుచుండును. వెంటనే ఆపవలెను. వెలుపలి పెట్టె "గుయ్యి" మని మూలిగి, "టక్కు" మని ఆగి, కొంతసేపటికి మరల మూలిగినచో, కంప్రెసరు తిరుగలేక పెనగులాడుచున్నది. తరచుగా దోషము కెపాసిటరుది. అది కొన్ని వందల రూపాయల వస్తువు. అది మార్చక వదలినచో, వేలతో కూడిన కంప్రెసరే కాలిపోవచ్చును. ఐతే ఆ పెట్టెను ఇంటివారు విప్పరాదు. కరెంటు తీసినను కెపాసిటరులో విద్యుత్తు నిలిచియుండి కొట్టును.

ప్లగ్గు యొద్ద గాని, స్విచ్చు యొద్ద గాని చిటపట వినబడి, కాలిన వాసన వచ్చినచో మిస్త్రీకై వేచియుండక మెయిను ఆపవలెను. వదులైన తీగ యొద్ద నిప్పు రవ్వ పుట్టుచున్న ధ్వని అది. ఇల్లు తగులబడుటకు అంతకంటె ముందు హెచ్చరిక రాకపోవచ్చును.

గీజరు మాట. మన బోరునీటిలో సున్నపుపాలు ఎక్కువ. అది కాగుచోట పొరలుపొరలుగ పేరుకొనును. ఆ పొర క్రింద నీరు చిక్కి ఉడుకుటవలన గడగడ ధ్వని పుట్టును. శుభ్రము చేయించినచో కరెంటును మిగులును, కాయిలును మన్నును. ఒత్తిడి విడుచు వాల్వు నుండి నీటిబొట్లు కారుచున్నవని దానికి గుడ్డ చుట్టి, బిరడా బిగించిన ఇంటిని మేము చూచితిమి. అది ప్రాణరక్షకము, దానిని మూయుట బాంబును ఇంట పెట్టుకొనుటయే. వాల్వు ఆగక బుసకొట్టి ఆవిరి చిమ్మినచో కరెంటు తీసి దూరముగ నుండవలెను. గ్యాసు గీజరు "భుగ్గు" మని ఆలస్యముగ అంటుకొనుటయు చెడ్డ గురుతే. గాలి ఆడని స్నానపుగదిలో దానినుండి వెలువడు కార్బన్ మోనాక్సైడునకు చప్పుడును లేదు, వాసనయు లేదు. అది పలుకని మృత్యువు.

"ఇదియంతయు మిస్త్రీ ఎరిగిన చాలును, ఇంటివారికేల?" అందురు కొందరు. వైద్యుడెంతటివాడైనను నొప్పి ఎక్కడ, ఎట్టిదని రోగినే అడుగవలెను గదా! ఇచ్చటనే మన భాషాసంగతి వచ్చుచున్నది. పగటివేళ ఇంటనుండు మన తల్లులు చప్పుళ్లను చక్కగ వేరుచేసి వినగలరు. బుస, కీచు, గలగల, కరకర, గడగడ, చిటపట: ఇన్ని మాటలు తెలుగున కలవు. కాని ఫోను చేతబట్టి మరాఠీలోనో హిందీలోనో చెప్పవలసివచ్చినపుడు ఆ మాటలన్నియు ఒక్క "ఆవాజు" గా మారిపోవుచున్నవి. ఆవాజు అను ఒక్క మాటకు మిస్త్రీ యిచ్చునదియు ఒక్క మాటయే: గ్యాసు. మన జేబులు కరగుచున్నది ఈ సందులోనే.

దీనికి ప్రభుత్వమును నిందించిన ఫలమేమి? రాజ్యాంగపు 350-ఎ అధికరణము అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు ప్రాథమిక విద్యను మాతృభాషలో గోరును. ఏసీ పుస్తకము దానిలోనికి రాదు. కావున మన పని మనమే చేసికొనవలెను. ఉగాదినాడు వేదికపై తెలుగు తియ్యదనమును పొగడి, మరునాడు ఇంటి యంత్రము ముందు మూగవారమగుట యేమి భాషాభిమానము?

రాబోవు సర్వసభ్య సమావేశమున మేము ఈ తీర్మానములు ప్రతిపాదింతుము. చప్పుళ్ల పట్టిక నొకదానిని తెలుగున, ప్రక్కనే మరాఠీ మాటతో, సంఘము అచ్చువేసి ఇంటింటికి పంచవలెను. మన అంగళ్లలో ఏసీ, గీజరు అమ్మువారు ఆ కాగితము చదివి వినిపించిన పిదపనే బిల్లు వ్రాయవలెను. గ్యాసు నింపుమను ప్రతివారును, కారుచున్న తావేది, ఎన్ని గ్రాములు నింపితిరి అని అడిగి రసీదుపై వ్రాయించుకొనవలెను. వ్రాయని మిస్త్రీకి పైకమీయరాదు. మోసము జరిగినచో 2019 వినియోగదారుల రక్షణ చట్టము కలదు. 1915 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. మగ్గము విడుచుచున్న మన యువకులు ఐటీఐలో రెండేండ్ల రిఫ్రిజిరేషను విద్యకు చేరునట్లు సంఘము ప్రోత్సహింపవలెను. తాతల చెవి వారికి ఎలాగును కలదు.

నాడె తడబడిన క్షణమున మగ్గమాపిన జాతి మనది. ఈ వేసవిలో ఏసీ మూలిగినపుడు కూడ ఆపి, విని, అడుగుదము.