మంద ఈసుకుపోతే కబురు ఆసుపత్రికీ అందాలి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాల పశుసంవర్ధక శాఖలకు, వైద్య ఆరోగ్య శాఖలకు బహిరంగ లేఖ



2005లో నెదర్లాండ్స్‌లోని పాడి మేకల ఫారాల్లో చూడి మేకలు వరసగా ఈసుకుపోయాయి, అంటే నెలలు నిండకుండానే పిల్లల్ని పడేశాయి. అందుకు కారణం కాక్సియెల్లా బర్నెటి అనే బాక్టీరియా అని పశువైద్యులు తేల్చారు. మనుషులకు క్యూ ఫీవర్ తెచ్చేది కూడా ఇదే. అయినా ఆ సంగతి పశువుల శాఖ గడప దాటి జనం దాకా చేరలేదు. రెండేళ్ల తర్వాత, 2007లో, దేశానికి దక్షిణాన హెర్పెన్ అనే పల్లెలో న్యుమోనియా కేసులు ఎన్నడూ లేనంతగా పెరిగాయి. ఆ ఏడాది నమోదైన క్యూ ఫీవర్ రోగులు 168 మంది. 2008లో ఆ సంఖ్య వెయ్యికి చేరింది. 2009లో 2,300 దాటింది.

వాళ్లలో చాలామంది మేకను ముట్టుకున్నవాళ్లు కారు. ఫారాల నుంచి గాలికి లేచిన దుమ్మే వాళ్ల ఊపిరితిత్తుల్లోకి రోగాన్ని మోసుకొచ్చింది. ఏ ఫారంలో రోగం ఉందో చెబితే రైతుల గోప్యతకు భంగమని అక్కడి ప్రభుత్వం చాలాకాలం పేర్లు బయటపెట్టలేదు. చివరికి 2009 డిసెంబరులో, రోగం ఉన్న ఫారాల్లోని చూడి జీవాలను చంపేయాలని నిర్ణయించింది. 50 వేలకు పైగా మేకలు బలయ్యాయి. మొత్తం మీద 4,000 మందికి పైగా జబ్బుపడ్డారు. ప్రజలకు సకాలంలో సమాచారం ఇవ్వలేదని 2012లో ఆ దేశ అంబుడ్స్‌మన్ ప్రభుత్వాన్ని తప్పుపట్టారు.

ఎక్కడో జరిగినదాన్ని మీకు గుర్తుచేయడానికి కారణం ఉంది. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్ల గొర్రెలున్నాయి. దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం ఈ రెండు రాష్ట్రాలవే. 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకం కింద తెలంగాణలో ఒక్కో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. ఆ జీవాల్లో చాలా భాగం పొరుగు రాష్ట్రాల నుంచి లారీల్లో వచ్చినవే. మందలు పెరగడం మంచిదే. మంద పెరిగినచోట మందను కాచే మనిషి ఆరోగ్యం మీద శ్రద్ధ కూడా పెరగాలి.

ఈ బాక్టీరియా ఎక్కువగా చేరేది మాయలో. రోగమున్న జీవం మాయలో ఒక్క గ్రాములోనే వంద కోట్ల దాకా ఉండొచ్చు. మనిషికి సోకడానికి మాత్రం పది లోపు చాలు. ఉమ్మనీరు, మాయ, పేడ, మూత్రం ఎండి దుమ్ములో కలిసిపోయినా అది చావదు, నెలల తరబడి నిలుస్తుంది.

ఇప్పుడు ఒక గొర్రెల కాపరి పని ఎలా ఉంటుందో చూడండి. గొర్రె ఈనలేక అవస్థపడితే ఉత్త చేతులతోనే పిల్లను లాగుతాడు. మాయ పడకపోతే తానే తీస్తాడు. చలి రాత్రుల్లో మంద పక్కనే చేలో పడుకుంటాడు. దొడ్డి ఊడ్చేది, ఎరువు ఎత్తేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్లే, వాళ్లలో గర్భిణులూ ఉంటారు. గర్భిణికి ఈ రోగం సోకితే గర్భస్రావం ముప్పు ఉంది.

సోకిన రెండు మూడు వారాలకు గట్టి జ్వరం, భరించలేని తలనొప్పి, చెమటలు, ఒళ్లునొప్పులు వస్తాయి. కొందరికి న్యుమోనియా, కొందరికి కాలేయం వాపు. లక్షణాలన్నీ ఏ విషజ్వరానికైనా ఉండేవే కాబట్టి డాక్టరు అనుమానిస్తే తప్ప రోగం బయటపడదు. పెన్సిలిన్ జాతి మందులకు ఇది లొంగదు. చవగ్గా దొరికే డాక్సీసైక్లిన్ రెండు వారాలు వాడితే చాలామందికి నయమవుతుంది. గుర్తించకుండా వదిలేస్తే కొద్దిమందిలో, ముఖ్యంగా గుండె కవాటాల జబ్బు ఉన్నవారిలో, గుండెకు పాకుతుంది. అప్పుడు ఏడాదిన్నరకు తగ్గకుండా మందులు మింగాలి. అప్పటికీ ప్రాణాపాయం తప్పకపోవచ్చు.

ఇది కొత్త రోగం కాదు. 1930లలోనే ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ కబేళా కార్మికుల్లో ఎడ్వర్డ్ డెరిక్ అనే వైద్యుడు దీన్ని గుర్తించాడు. 1989 నుంచి అక్కడ మనుషులకు టీకా ఉంది. కబేళాల్లో, గొర్రెల ఫారాల్లో పనిచేసేవాళ్లకు అది వేస్తున్నారు. మన దేశంలోనూ పలు రాష్ట్రాల్లో జీవాల్లో, మనుషుల్లో ఈ రోగం జాడలు రక్తపరీక్షల్లో కనిపించాయి.

మాంసం తినేవాళ్లు భయపడనక్కర్లేదు. ఉడికిన మాంసంతో, కాచిన పాలతో ఇబ్బంది లేదు. మనిషి నుంచి మనిషికి సోకడం బహు అరుదు. ఎక్కువ ముప్పు మందతో బతికేవాళ్లకు, మందల చుట్టుపక్కల ఉండేవాళ్లకే.

అందుకే మీ ముందుంచే కోరికలు నాలుగు. ఒక మందలో వరసగా ఈసుకుపోతుంటే పశువైద్యుడు ఆ కబురు అదే రోజు మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేరవేసేలా రెండు శాఖలూ కలిసి ఉత్తర్వు ఇవ్వాలి. ఈసుకుపోయిన జీవాల నమూనాలను బ్రూసెల్లా అనే మరో బాక్టీరియాతో పాటు కాక్సియెల్లాకు కూడా పరీక్షించే బాధ్యత రాజేంద్రనగర్, తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయాలకు అప్పగించాలి. జ్వరంతో వచ్చిన రోగిని ‘మీ ఇంట్లో గొర్రెలు, మేకలు ఉన్నాయా? ఈమధ్య ఏవైనా ఈనాయా, ఈసుకుపోయాయా?’ అని అడగడం ప్రతి డాక్టరుకూ అలవాటు చేయాలి. అనుమానం ఉంటే బోధనాసుపత్రిలో రక్తపరీక్ష ఉచితంగా జరగాలి. కాపరుల సంఘాల ద్వారా చేతి తొడుగులు, మాస్కులు పంచి, మాయను కుక్కలు లాగకుండా సున్నం చల్లి లోతుగా పాతిపెట్టాలని, గర్భిణులను ఈతల పనికి దూరంగా ఉంచాలని ఊరూరా చెప్పాలి.

వీటిలో దేనికీ కొత్త శాఖ పెట్టక్కర్లేదు. పశువైద్యుడూ ఉన్నాడు, ఆశా కార్యకర్తా ఉంది. ఇద్దరి మధ్య కబురు నడిచే దారి ఒక్కటే వేయాలి. వచ్చే ఈతల కాలం లోపే ఆ ఉత్తర్వు వెలువడేలా చూడాలని రెండు ప్రభుత్వాలకూ విన్నపం.