‘కస్టమైజ్డ్, నో రిటర్న్’ అని రాస్తే మన హక్కు పోయినట్టేనా?



"ఇది కస్టమైజ్డ్ ప్రాడక్ట్. నో రిటర్న్, నో రీఫండ్." ఆన్‌లైన్‌లో ప్రత్యేకంగా చేయించుకునే దాదాపు ప్రతి వస్తువు కిందా ఈ లైను కనిపిస్తది. టీషర్టు మీద పేరు వేయించినా, కొలతలిచ్చి జాకెట్ కుట్టించినా, ఫేర్‌వెల్‌కి మెమెంటో చేయించినా ఇదే లైను. ఇది చూడగానే మనోళ్లు సగం మంది వెనక్కి తగ్గుతున్నరు. "ముందే రాసి పెట్టిండ్రు కదా అన్నా, ఇంకేం అడుగుతం" అంటున్నరు. ఆ మాట మీదే మా పేచీ. ఆ లైను చట్టం కాదు, అమ్మేటోడు తన సౌకర్యం కోసం రాసుకున్న షరతు. అందులో కొంత న్యాయం ఉంది, మిగతాదంతా బెదిరింపు. రెండింటినీ విడదీసి చెప్పుకుందాం. పోస్టు కొంచెం పెద్దది, ఓపికతో చదవండి.

ముందు న్యాయం ఉన్న భాగం. మనం కొలత తప్పు ఇచ్చినం, లేదా పేరులో అక్షరం తప్పు పంపినం, లేదా వస్తువు వచ్చినాక రంగు నచ్చలేదు. అప్పుడు వాపసు తీసుకోమని అడిగే హక్కు మనకు లేదు. ఉండకూడదు కూడా. మన పేరున్న చొక్కాను ఆ దుకాణం ఇంకెవరికి అమ్ముతది? జైనూర్ మండలం ఉషేగావ్‌లో డోక్రా పని చేసే ఓజా కళాకారుడికి ఆర్డర్ ఇచ్చి, మైనం పోతపోసి, ఇత్తడి కరిగించి బొమ్మ చేసినాక "వద్దులే" అంటే ఆ ఇంట్లో పొయ్యి ఎట్ల వెలుగుతది? తండాలో మన అమ్మలు నెలల తరబడి కూర్చొని అద్దాలు కుట్టిన లంగాను "మనసు మారింది" అని తిప్పి పంపిస్తే అది మోసం కంటే తక్కువేం కాదు. ఈ విషయంలో మేం అమ్మేవాళ్ల పక్షమే.

కానీ ఆర్డర్ ఇచ్చింది ఒకటి, వచ్చింది ఇంకొకటి అయితే? అప్పుడు కూడా అదే లైను చూపిస్తున్నరు. మనసు మార్చుకునే హక్కు లేదని చెప్పే మాటను, సరైన వస్తువు పొందే హక్కు కూడా లేదన్నట్టు వాడుతున్నరు. అసలు మోసం ఇక్కడుంది.

చట్టం ఏమంటదో చూద్దాం. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో వచ్చింది, 2020 జూలై నుంచి అమల్లో ఉంది. అదే నెలలో ఈ-కామర్స్ నియమాలు కూడా వచ్చినయి. ఆ నియమాల్లో 6వది మార్కెట్‌ప్లేస్‌లో అమ్మేవాళ్ల బాధ్యతల గురించి. వస్తువులో లోపం ఉన్నా, నకిలీదైనా, ప్రకటనలో చూపించినట్టు గానీ ఇద్దరూ ఒప్పుకున్నట్టు గానీ లేకపోయినా, చెప్పిన గడువు దాటి వచ్చినా, అమ్మినవాడు వాపసు తీసుకోనని గానీ డబ్బు తిరిగి ఇవ్వనని గానీ అనడానికి వీల్లేదు. వరదల్లాంటి ఎవరి చేతిలో లేని కారణం వల్ల ఆలస్యమైతే దానికి మినహాయింపు ఉంది. ఆర్డర్ మీద చేసిన వస్తువుకు మాత్రం ఆ నియమంలో మినహాయింపు ఎక్కడా లేదు. సొంత వెబ్‌సైట్ పెట్టుకొని సొంత సరుకు అమ్మే కంపెనీలకు 7వ నియమంలో ఇదే బాధ్యత పెట్టిండ్రు. ఇక అసలు చట్టంలోనే, లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులోపు, అట్లాంటి గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోపు, వాపసు తీసుకొని డబ్బు ఇవ్వకపోవడాన్ని అనుచిత వ్యాపార పద్ధతుల కింద చేర్చిండ్రు.

"ఒప్పుకున్నట్టు లేకపోయినా" అన్న మాటను ఇంకోసారి చదవండి. రెడీమేడ్ చొక్కా కొన్నప్పుడు అమ్మేటోడికీ మనకూ మధ్య ఒప్పందం ఏందంటే ఒక ఫొటో, నాలుగు లైన్ల వివరం. ఆర్డర్ మీద చేయించినప్పుడు కొలతలు రాసి ఇస్తం, డిజైన్ పంపుతం, వాళ్లు ప్రూఫ్ పంపుతరు, మనం ఓకే అంటం. అంటే రెడీమేడ్ కంటే ఇక్కడే ఒప్పందం గట్టిగ ఉంది, అక్షరం అక్షరం రాతలో ఉంది. చెప్పినట్టు చేయాల్సిన బాధ్యత ఇక్కడ పెరగాలి. వీళ్లు దాన్ని సున్నా చేస్తున్నరు.

ఇంకో సంగతి. యూరప్ దేశాల్లో ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు నచ్చకపోతే కారణం చెప్పకుండ 14 రోజుల్లో తిప్పి పంపే హక్కు చట్టంలోనే ఉంది. కొలతల ప్రకారం, కోరిక మీద చేసిన వస్తువులకు ఆ హక్కు వర్తించదని అక్కడ మినహాయింపు పెట్టుకున్నరు. న్యాయమే. అయితే ఆ మినహాయింపు నచ్చకపోవడానికే. లోపమున్న వస్తువుకు అక్కడ కూడా అది అడ్డం రాదు. మన దగ్గర ఆ 14 రోజుల హక్కు చట్టంలో లేనే లేదు. హక్కు మనకు రాలేదు గానీ, దాని మినహాయింపు మాత్రం ప్రతి వెబ్‌సైట్‌లో మన నెత్తి మీద వేలాడుతున్నది. అది కూడా లోపాలకు సైతం వర్తించేటట్టు సాగదీసి!

ఇది అందరి సమస్యే కదా, గిరిజన విద్యార్థుల గ్రూపులో ఎందుకు రాస్తున్నరు అని కొందరు అడగొచ్చు. మా జవాబు ఇది. మార్కెట్‌లో మనకు రెడీమేడ్ ఏముంది? సినిమా హీరో బొమ్మ ఉన్న టీషర్టు ఏ సైట్‌లోనైనా వంద రకాలు దొరుకుతది, నచ్చకపోతే వారంలో తిప్పి పంపొచ్చు. కొమరం భీం బొమ్మ, సేవాలాల్ మహారాజ్ బొమ్మ, మన ఇంటి పేర్లు, మన గోత్రం గుర్తులు, మన లిపి కావాలంటే చాలాసార్లు ఆర్డర్ ఇచ్చి చేయించుకోవాల్సిందే. అంటే ఎవరి సంస్కృతి అయితే దుకాణంలో రెడీగా వేలాడుతదో వాళ్లకు రిటర్న్ సౌకర్యం ఉంది. ఎవరిదైతే దుకాణంలో లేదో వాళ్లకు ‘కస్టమైజ్డ్’ అనే ముద్ర, ‘నో రిటర్న్’ అనే జవాబు. మనల్ని లెక్కలోకి తీసుకోని మార్కెట్, ఆ లెక్కలేనితనానికి ధర కూడా మన దగ్గరే వసూలు చేస్తున్నది.

మా హాస్టల్ సంగతే చెప్తం. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి 26 టీషర్టులు ఒక ఆన్‌లైన్ ప్రింటింగ్ దుకాణంలో ఆర్డర్ ఇచ్చినం. ఒక్కొక్కటి 380 రూపాయలు, మొత్తం 9,880. స్కాలర్‌షిప్‌లో మిగుల్చుకున్నవి కొన్ని, ఇంటి నుంచి అడిగి తెచ్చుకున్నవి కొన్ని. ముందు తెలుగులో ఒక లైను, దాని కింద గుంజాల గోండి లిపిలో ఒక లైను. దుకాణం వాళ్లు ప్రూఫ్ ఫొటో పంపిండ్రు. అందులో గోండి అక్షరాలు చక్కగ ఉన్నయి. మేం ఓకే అన్నాకే డబ్బులు తీసుకున్నరు. ఆగస్టు 5కు ఇస్తమన్నరు. 11న వచ్చినయి. విప్పి చూస్తే తెలుగు లైను బాగుంది, గోండి లైను ఉండాల్సిన చోట వరుసగా ఖాళీ డబ్బాలు. ప్రింట్ తీసిన కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేదు. అడిగితే ఒకటే జవాబు: "కస్టమైజ్డ్ ఐటెం, రిటర్న్ లేదు, తర్వాతి ఆర్డర్‌కి కూపన్ ఇస్తం."

ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాల ఊరిలో పెద్దలు దాచిన రాతప్రతుల నుంచి బయటికొచ్చిన లిపి అది. 2018లో యూనికోడ్‌లో చేరింది. ప్రపంచంలోని ఏ కంప్యూటర్‌లోనైనా రాయగలిగే దారి ఏర్పడింది. అట్లాంటి లిపి మన ఛాతీ మీద డబ్బాలై వస్తే అది ‘చిన్న ప్రింటింగ్ ఇష్యూ’ ఎట్లయితది? తెలుగు లైను డబ్బాలై వస్తే ఆ దుకాణం ప్యాక్ చేసి పంపేదా? చదవడం రాదు కాబట్టి తప్పు కనపడలేదంటే కొంత అర్థం చేసుకుంటం. ప్రూఫ్ పక్కన పెట్టి చూస్తే చదువు రానోళ్లకు కూడా తేడా కనపడతది.

ఇప్పుడు ఎదురొచ్చే మాటలకు జవాబు చెప్తం.

"మేం మధ్యవర్తులం మాత్రమే, అమ్మినోళ్లను అడుక్కోండి" అని మార్కెట్‌ప్లేస్ వాళ్లు అంటరు. కొన్నాక మనం రాతపూర్వకంగా అడిగితే అమ్మినవాళ్ల చిరునామా సహా వివరాలు ఇవ్వాల్సిన బాధ్యత 5వ నియమం వాళ్ల మీద పెట్టింది. ఫిర్యాదుల అధికారిని పెట్టుకోవాలి. ఆ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. చాట్‌లో రోబో జవాబులతో కాలం గడిపితే చాలదు.

"అన్‌బాక్సింగ్ వీడియో లేదు కాబట్టి కుదరదు" అంటరు. వీడియో తీస్తే సాక్ష్యం గట్టిగుంటది, తీయండి. కానీ వీడియో లేకపోతే హక్కే లేదని చట్టంలో ఎక్కడా రాయలేదు. ప్రూఫ్ ఫొటో, వచ్చిన వస్తువు, చాట్ స్క్రీన్‌షాట్లు కూడా సాక్ష్యాలే.

"మీ పిన్‌కోడ్‌కు పికప్ లేదు, మీరే కొరియర్ చేయండి" అంటరు. తెచ్చి ఇవ్వడానికి దొరికిన దారి తీసుకుపోవడానికి ఎందుకు దొరకదు? 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 43వ సెక్షన్ చదవండి. వేరే ఒప్పందం లేకపోతే, తిరస్కరించే హక్కున్న కొనుగోలుదారు సరుకును తానే మోసుకెళ్లి ఇవ్వాల్సిన పని లేదు, తీసుకోవట్లేదని అమ్మినవాడికి తెలియజేస్తే చాలు.

అన్నిటికంటే పెద్ద అడ్డంకి మనలోనే ఉంది. "380 రూపాయల కోసం కేసా?" అని మా రూములోనే కొందరు నవ్విండ్రు. ఆ దుకాణం ధైర్యం ఆ నవ్వు మీదే నిలబడి ఉంది. ఒక్కొక్కరం 380 అనుకుంటే వదిలేస్తం. 26 మందిమి కలిస్తే 9,880. ఒకే ప్రయోజనం ఉన్న ఎక్కువ మంది తరఫున, కమిషన్ అనుమతితో, ఒకరిద్దరు ఫిర్యాదు వేసే వీలు చట్టం 35వ సెక్షన్‌లో ఉంది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. దుకాణం సూరత్‌లో ఉన్నా, ఢిల్లీలో ఉన్నా, మనం ఉండే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. గడువు రెండేండ్లు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఫోన్ నుంచే వేయొచ్చు. అంతకుముందు 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. అయితే ఆ హెల్ప్‌లైన్ కోర్టు కాదు, కంపెనీతో మాట్లాడి ఒప్పించే ప్రయత్నం చేస్తది అంతే. కమిషన్‌లో కూడా చట్టం చెప్పినంత తొందరగ అన్ని కేసులూ తేలవు. నెలలు పట్టొచ్చు. తెలిసే దిగాలి.

మేం దిగినం. 1915లో ఫిర్యాదు నమోదైంది. దుకాణం ఇప్పుడు సగం డబ్బు ఇస్తమంటున్నది. నో రిటర్న్ అన్నోళ్లకు సగం ఎట్ల గుర్తొచ్చింది? మేం ఒప్పుకోలేదు. మొత్తం కావాలె, లేకపోతే సరైన అక్షరాలతో మళ్లీ ప్రింట్ చేసి ఇయ్యాలె. కాదంటే కమిషన్‌కు పోతం.

మా డిమాండ్లు రెండు. ఒకటి, ‘నో రిటర్న్’ అని రాసే ప్రతి చోటా "లోపం ఉన్నా, ఒప్పుకున్నట్టు లేకున్నా, గడువు దాటినా ఇది వర్తించదు" అని అంతే పెద్ద అక్షరాల్లో రాయాలి. రాయించే పని వినియోగదారుల శాఖది. రెండు, మన విద్యార్థి సంఘాలకు. ధర్నాలు, వినతిపత్రాలతో పాటు ప్రతి హాస్టల్‌లో ఈ ఫిర్యాదు వేయడం తెలిసినోళ్లు ఇద్దరైనా ఉండాలి. జూనియర్లకు నేర్పించాలి. పైసలు ఇచ్చినాక మన గొంతు ఆగిపోవద్దు.

మీ హాస్టల్‌లో, మీ కాలేజీలో ఇట్లాంటిది జరిగితే కామెంట్‌లో రాయండి. ఆర్డర్ తేదీ, ఒప్పుకున్నది ఏంది, వచ్చింది ఏంది, ఈ మూడూ రాస్తే చాలు. ఒకే దుకాణం మీద నలుగురున్నా కలిసి వేద్దాం. పోస్టును మీ హాస్టల్ గ్రూపుల్లో పెట్టండి.

జోహార్ కొమరం భీం.