క్రొత్త బండి, ప్రాత పొగ

ఒక వస్తువు క్రొత్తదో ప్రాతదో చెప్పుటకు మనకు కాలమే ప్రమాణము. కాలిఫోర్నియా రాష్ట్ర శాసనము మాత్రము మోటారు బండి విషయమున కాలమును ప్రక్కకు నెట్టి దూరమును ప్రమాణముగా గ్రహించినది. ఆ రాష్ట్ర నివాసి కొనునాటికి ఏ బండి మీటరుపై 7,500 మైళ్లు, అనగా సుమారు 12,000 కిలోమీటర్లు, నిండలేదో అది శాసనము దృష్టిలో క్రొత్త బండియే. అది తయారై పదేండ్లయినను, ముగ్గురు యజమానుల చేతులు మారినను ఈ నిర్ణయము మారదు. అట్టి బండికి కాలిఫోర్నియా ఉద్గార ప్రమాణములకు లోబడి నిర్మింపబడినదను ముద్ర లేనిచో రిజిస్ట్రేషను లభింపదు. భాషను బోధించుకొను నాబోటివారికి ఈ నిర్వచనమే మొదట వింతగొల్పును.

కారు ఏడాది తిరుగకమునుపే ఆ దూరమును దాటిపోవచ్చును. స్కూటరు అట్లు కాదు. అది అంగడికిని, కళాశాలకును తిరుగు బండి. ఏండ్ల తరబడి శాసనరీత్యా క్రొత్తదిగనే నిలిచియుండును. ఇటలీనుండియో, తైవానునుండియో అమెరికాకు దిగుమతియైన స్కూటర్లలో దేశవ్యాప్త ప్రమాణములకు మాత్రమే సరిపోవునవి కొన్ని, కాలిఫోర్నియా ప్రమాణములకును సరిపోవునవి కొన్ని. చూపునకు రెండును కవలలు. భేదమెల్ల చట్రముపై అతికించిన చిన్న చీటీలో నున్నది. శాన్ హోసే ప్రాంతమున ఉద్యోగము చేయు తెలుగు యువకుడొకడు సరిహద్దు దాటి, నెవాడా రాష్ట్రమున చవుకగా దొరకిన స్కూటరును కొనితెచ్చెననుకొందము. మోటారు వాహనశాఖ ఉద్యోగి ఆ చీటీని చదువును, మైళ్లను చూచును. రెండును ప్రతికూలమైనచో బండి వెనుకకు మరలవలసినదే. అదే బండి వారసత్వముగా సంక్రమించినచో మినహాయింపు కలదు. నెవాడాలో కాపురముండి అచ్చటనే రిజిస్టరు చేయించుకొని, పిదప కాలిఫోర్నియాకు మకాము మార్చినను కలదు. బండి వదలు పొగ మాత్రము మూడు సందర్భములందును ఒక్కటియే.

అమెరికా విపణికై తయారుకాని బండి సంగతి ఇంకను కఠినము. 21 ఏండ్లు నిండి, మూలరూపము చెడని బండికి అమెరికా పర్యావరణ సంస్థ సడలింపు నిచ్చును. 25 ఏండ్లు నిండినచో భద్రతా ప్రమాణములు అడ్డురావు. ఈ సడలింపులు రేవు దాటించును గాని కాలిఫోర్నియా నంబరు పలకను తెచ్చిపెట్టవు. తండ్రిగారి చేతక్ బండిని మమకారముతో ఓడకెక్కింపదలచువారు ముందుగా ఈ విషయము నెరుగుట మేలు.

ఇంతటి పట్టుదలకు హేతువు ఆ నేల చరిత్రలో నున్నది. 1943 వేసవిలో లాస్ ఏంజెలెస్ నగరమును కన్నులు మండించు పొగమంచు క్రమ్మివేసెను. దాని గుట్టును 1950 తరువాతి సంవత్సరములలో విప్పినవాడు హాలండులో జన్మించిన రసాయన శాస్త్రజ్ఞుడు హాగెన్-స్మిట్. ఇంజను నుండి కాలక వెలువడిన ఇంధనపు ఆవిరియు, నైట్రోజను ఆక్సైడులును సూర్యరశ్మి సోకి ఓజోను వాయువును పుట్టించుచున్నవని ఆయన నిరూపించెను. 1967లో ఏర్పడిన రాష్ట్ర వాయువనరుల మండలికి ఆయనయే తొలి అధ్యక్షుడు. దేశమంతటికిని ఒకే ప్రమాణము వర్తింపవలెనని నిర్ణయించిన కేంద్ర శాసనసభ, ఆ సంవత్సరముననే కాలిఫోర్నియాకు మాత్రము అనుమతి పొంది స్వంత ప్రమాణములు నిర్ణయించుకొను వెసులుబాటు కల్పించెను. 1977 సవరణతో ఇతర రాష్ట్రములకు ఆ ప్రమాణములను యథాతథముగా స్వీకరించు అవకాశము లభించెను.

కాలని ఇంధనమే అసలు దోషి యైనప్పుడు చిన్న స్కూటరు తప్పించుకొనజాలదు. టూస్ట్రోకు ఇంజనులో పిస్టను క్రిందికి దిగినప్పుడు, పొగ వెలికిపోవు ద్వారమును, క్రొత్త మిశ్రమము లోనికి వచ్చు ద్వారమును ఏకకాలమున తెరచియుండును. పొగను నెట్టుచు వచ్చిన పెట్రోలు మిశ్రమములో కొంత ఆ పొగవెంటనే జారిపోవును. కార్బ్యురేటరు గల ప్రాత బండ్లలో ఈ నష్టము నాలుగవ వంతును దాటుటయు కలదు. పెట్రోలులో కలిపిన నూనె అరకొరగా కాలి నీలిపొగయగును. మన వీథులలో ఒకప్పుడు ఆ నీలిపొగయే స్కూటరు ఆనవాలు! తక్కువ పెట్రోలు త్రాగు బండి తక్కువ చెరుపు చేయునను లోకాభిప్రాయము ఇచ్చట చెల్లదు.

మోటారు సైకిళ్లకు ఉద్గార నియమములు 1978 నుండి వచ్చినవి. వాని ఒత్తిడి హెచ్చగా వెస్పా 1980వ దశకమున అమెరికా విపణిని విడిచెను. ఆ దశకముననే మన హైదరాబాదు ప్రాంతమున ఆంధ్రప్రదేశ్ స్కూటర్స్ సంస్థ వెస్పా బండ్లను తయారుచేయుచుండెను. ఒకచోట వెలియైన ఇంజనునకు మరియొకచోట స్వాగతము. వెస్పా 2000లో ఫోర్‌స్ట్రోకు ఇంజనుతో అమెరికాకు మరలివచ్చెను. కాన్పూరు ఎల్‌ఎంఎల్ కర్మాగారపు బండియు పిమ్మట 'స్టెల్లా' అను పేర అచ్చట అమ్ముడుపోయినది. దాని టూస్ట్రోకు రూపమునకు కాలిఫోర్నియా ద్వారము తెరువలేదు. ఫోర్‌స్ట్రోకు రూపమునకు తెరచినది. మన దేశపు కర్మాగారము క్రొత్త ఇంజనుతో ఆ గడప దాటినదన్నచో నియమమునకు ఫలము లేదనజాలము.

మరి 7,500 మైళ్ల గీత మాట? అది లేనిచో వర్తకుడు పొరుగు రాష్ట్రమున నామమాత్రముగా రిజిస్టరు చేయించి, ప్రాతబండి యను పేర లారీల కొలది దింపగలడు. దానిని అరికట్టుటకు ఏదో ఒక సంఖ్య కావలెను. సంఖ్యను నేను తప్పుపట్టను. నా ఆక్షేపణ వేరు. కాలిఫోర్నియాలో అనేకములగు కార్లకు రెండేండ్ల కొకమారు పొగ పరీక్ష తప్పదు. మోటారు సైకిలునకు, స్కూటరునకు అట్టి పరీక్షయే లేదు. ముద్రగల స్కూటరు యజమాని సైలెన్సరులోని ఉత్ప్రేరకమును ఊడబెరికినను పరీక్షాకేంద్రమున పట్టుపడడు. ఏ లోపమును లేని బండి చీటీ లేనందున గడపవద్ద నిలిచిపోవును.

మన పద్ధతి దీనికి దాదాపు తలక్రిందులు. ఇచ్చట ప్రమాణము దేశమున కంతటికి నొక్కటే. 2017 మార్చి 29న సుప్రీముకోర్టు, ఏప్రిల్ 1 నుండి బీఎస్-3 బండ్ల అమ్మకమును, రిజిస్ట్రేషనును నిషేధింపగా, దుకాణములందు మిగిలిన 8 లక్షల పైచిలుకు బండ్లలో అధికభాగము ద్విచక్రములే. చివరి రెండునాళ్లును జనము తిరునాళ్లవలె విరుచుకుపడిరి. రిజిస్ట్రేషను పిమ్మట పొగ పరీక్ష స్కూటరునకును తప్పనిసరి. కాని రోడ్డు ప్రక్కన వ్యానులో జరుగు ఆ తంతు ఎంతవరకు పరీక్షయో, ఎంతవరకు రశీదో చదువరుల కెరుకయే.

2025 జూన్ 12న అధ్యక్షుడు ట్రంప్, కార్లకును లారీలకును సంబంధించి కాలిఫోర్నియా పొందిన అనుమతులను రద్దుచేయు తీర్మానములపై సంతకము చేసెను. నాడే ఆ రాష్ట్రము మరికొన్ని రాష్ట్రములతో కూడి న్యాయస్థానమున వ్యాజ్యము వేసెను. స్కూటరు చీటీ ఆ తీర్మానములలో లేదు. అయినను స్వంత ప్రమాణము నిర్ణయించుకొను హక్కే వివాదమున పడినప్పుడు, ఆ ప్రమాణము గాలిని కాపాడుటకే యని చూపవలసిన భారము రాష్ట్రముపై హెచ్చును. మీటరును చదువు ఆ కౌంటరు వద్దనే పొగను కొలుచు సాధనము నొకదానిని నిలుపరాదా? ప్రయోగశాలలో గంటల తరబడి జరుగు ధ్రువీకరణ పరీక్షకు అది సాటిరాదు; టాంకినుండి ఆవిరియగు పెట్రోలు దానికి చిక్కదు. నీలిపొగ మాత్రము చిక్కును.