ఒక్క అక్షరానికి మన ఊరి పేరా?

2021 మే మొదటి వారంలో టీవీ పెడితే 'ఏపీ స్ట్రెయిన్', పేపరు తెరిస్తే 'విశాఖ రకం'. మామూలు కరోనా కంటే 15 రెట్లు ప్రమాదకరమని రాశారు. మే 6న ఢిల్లీ ప్రభుత్వం ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చేవాళ్లకు, టీకా కాగితమో పరీక్ష కాగితమో లేకపోతే, 14 రోజుల క్వారంటైన్ పెట్టింది. ఒడిశా ప్రభుత్వం తన సరిహద్దుల్లో రాకపోకలు కట్టడి చేసింది. పర్లాకిమిడితో వియ్యాలు, బరంపురంతో వైద్యం, వ్యాపారం కలిసిపోయిన పాతపట్నం, ఇచ్ఛాపురం జనానికి అదెంత దెబ్బో వేరే చెప్పనక్కర్లేదు.

ఇంత అల్లరికీ కారణం ఎన్440కె అనే మార్పు. అదేమిటో విప్పి చెప్పినవాళ్లు మాత్రం ఆ రోజుల్లో బహు తక్కువ.

కరోనా వైరస్ జన్యువు మనదానిలా డీఎన్‌ఏ కాదు, ఒంటిపోగు ఆర్‌ఎన్‌ఏ. ఎ, యు, జి, సి అనే నాలుగు అక్షరాలే, వరసగా దాదాపు 29,900. అది కణంలోకి వెళ్లగానే, మన ప్రొటీన్లు తయారుచేసే రైబోజోములు అది పరాయిదని తెలియక నేరుగా చదివేస్తాయి. మొదటి మూడింట రెండొంతుల్లో నకళ్లు తీసే సరంజామాకు కావలసిన వివరమంతా ఉంటుంది. మిగతా భాగంలో వైరస్ ఒళ్లు కట్టే ప్రొటీన్లు. వాటిలో ఒకటి స్పైకు: 1,273 అమైనో ఆమ్లాల గొలుసు. మూడేసి అక్షరాలు కలిస్తే ఒక అమైనో ఆమ్లం. ఆ గొలుసులో 440వ చోట ఎ-ఎ-యు ఉండేది. అంటే ఆస్పరజిన్, దాని గుర్తు ఎన్. ఆ మూడింట్లో చివరి యు పోయి జి వచ్చి కూర్చుంది. ఎ-ఎ-జి అంటే లైసిన్, గుర్తు కె. మొత్తం జన్యువులో అది 22,882వ అక్షరం. ఊరూరా వణికించిన పేరు వెనక ఉన్నది ఇదే.

ఒక్క అక్షరమే కదా, ఏం కాదులే అని నేననను. ఆ 440వ చోటు మన కణాన్ని పట్టుకునే భాగంలోనే ఉంది. హైదరాబాద్‌లోని కణ, అణుజీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలున్న బృందం, ప్రయోగశాలలో పెంచిన కణాల్లో ఈ రకం పాత రకాల కంటే ఎక్కువగా పెరగడం గమనించింది. ప్రయోగశాల కణాల్లో పెరగడం వేరు, జనంలో వ్యాపించడం వేరు. తర్వాత డెల్టా అనిపించుకున్న రకం అప్పటికే వచ్చి దీన్ని పక్కకు నెట్టేస్తోందని ఆ సీసీఎంబీ వాళ్లే చెప్పారు. ఆ మాట మాత్రం శీర్షికలకు ఎక్కలేదు. ఆ ఏడాది నవంబరులో ఆఫ్రికా దక్షిణ దేశాల్లో ఒమిక్రాన్ బయటపడింది. దాని స్పైకులోనూ 440వ చోట అదే లైసిన్. ఒమిక్రాన్‌కు విశాఖతో ఏ చుట్టరికమూ లేదు. ఆర్‌ఎన్‌ఏకు నకళ్లు తీసేటప్పుడు తప్పులు పడుతూనే ఉంటాయి. పనికొచ్చే తప్పు ఎక్కడ పడినా నిలుస్తుంది. నిజానికి కరోనాకు తప్పులు సరిదిద్దుకునే ఎంజైము ఒకటుంది. ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లలో అది అరుదు. అంత పొడుగు జన్యువును కరోనా మోయగలుగుతున్నది ఆ ఎంజైము వల్లే. అయినా నెలకు సుమారు రెండు మార్పులు నిలిచిపోయేవి.

ఆ మార్పులను వరసగా చదివితే వైరస్ ఏ దారిన వచ్చిందో తెలుస్తుంది. ఎవరిది నేరమో తెలియదు, అది చెప్పడం వాటి పనీ కాదు. మన జిల్లాల సంగతే చూడండి. 2020 ఏప్రిల్ మూడో వారం దాటినా రాష్ట్రంలో ఒక్క కేసూ లేని జిల్లాలు శ్రీకాకుళం, విజయనగరం రెండే. మనవాళ్లు ఎక్కడెక్కడో పొట్టపోసుకునేవాళ్లు. గుజరాత్‌లోని వెరావల్ రేవులో మన తీరం మత్స్యకారులు వేలమంది పడవల్లోనే చిక్కుకుపోయి, నెలాఖరుకు బస్సుల్లో బయల్దేరారు. వలస మీద బతికే జిల్లాలకు వైరస్ రావడం వింతేమీ కాదు. వచ్చాక దానికి మన పేరు తగిలించడమే అన్యాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మే 31న ఆల్ఫా, బీటా, డెల్టా అని గ్రీకు అక్షరాలు పెట్టింది ఈ అన్యాయం ఆగాలనే. మనకు అది నెల ఆలస్యమైంది.

అసలు చెప్పదలచుకున్నది ఇప్పటి సంగతి. వైరస్ అక్షరాలు చదివే ఆ విద్య ఇప్పుడు మన జ్వరాలకు పనికిరావాలి. వానలు పడితే చాలు సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు జ్వరాలు మొదలవుతాయి. మలేరియాతోపాటు డెంగీ. ల్యాబు కాగితం మీద 'ఎన్‌ఎస్1 పాజిటివ్' అని చూడగానే ఇంటిల్లిపాదీ ప్లేట్‌లెట్ల లెక్కలో పడతారు. ఆ ఎన్‌ఎస్1 ఎక్కడిది? డెంగీ జన్యువు కూడా ఒంటిపోగు ఆర్‌ఎన్‌ఏనే, సుమారు 10,700 అక్షరాలు. సరిదిద్దుకునే ఎంజైము దానికి లేదు. కణం ఆ మొత్తాన్నీ ఒకే పొడవాటి ప్రొటీనుగా తయారుచేస్తే, అది పది ముక్కలుగా తెగుతుంది. మూడు వైరస్ ఒంటికి, ఏడు లోపలి పనులకు. ఆ ఏడింట్లో మొదటిది ఎన్‌ఎస్1. అది రక్తంలోకి వచ్చేస్తుంది కాబట్టే జ్వరం తగిలిన తొలి రోజుల్లోనే దొరుకుతుంది.

డెంగీ నాలుగు రకాలు. ఒకసారి ఒక రకం సోకినవాడికి తర్వాత ఇంకో రకం సోకితే జబ్బు ముదిరే ప్రమాదం ఎక్కువ. వచ్చింది ఏ రకమో ఎన్‌ఎస్1 పట్టీ చెప్పదు, ఆర్‌ఎన్‌ఏను పరీక్షిస్తేనే తెలుస్తుంది. ఈ ఏడు ఇక్కడ రకం మారిందని ముందే తెలిస్తే, పోయినేడు డెంగీ వచ్చిన పిల్లల మీద డాక్టరు రెండు కళ్లూ పెడతాడు.

ప్రతి రోగి నమూనానూ చదవమనడం లేదు. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం ప్రభుత్వ ఆస్పత్రుల నుంచి వానాకాలంలో వారం వారం కొన్ని నమూనాలు తీసి రకం తేల్చాలి. వాటిలో కొన్నింటి జన్యువు పూర్తిగా చదవాలి. ఆ ఫలితాన్ని వైద్య శాఖ కేసుల సంఖ్యతోపాటు తెలుగులో ప్రకటించాలి, పీహెచ్‌సీ డాక్టర్లకూ ఆశా కార్యకర్తలకూ ముందుగా పంపాలి. ఈ వానాకాలం నుంచే మొదలుపెట్టాలి.