ట్యూబుతో తెలుపు, మానితే మంట

“అన్నా, మొహం నల్లబడింది, ఏదన్నా మంచి ట్యూబు ఇయ్యి.” మన తీరంలో ఏ ఊరి మెడికల్ షాపు కాడ రవ్వంతసేపు నిలబడినా ఈ మాట ఇనపడద్ది. షాపాయన ఏమైందని అడగడు. అరలోంచి ట్యూబు తీసి ఇస్తాడు. డాక్టర్ చీటీ ఊసే ఉండదు.

మా చిన్నమ్మ కూతురు అట్టనే కొనింది, పెళ్లిచూపులకి నెల ముందు. వారంలో మొహం తెల్లబడి నిగనిగలాడింది. ఇంట్లో అందరం మెచ్చుకున్నాం, నేను కూడా. ఆర్నెల్లకి ట్యూబు మానేస్తే బుగ్గలు ఎర్రగా కంది, కారం పూసినట్టు మంట. మొటిమల్లాంటి పొక్కులు. మళ్లీ పూస్తే రెండ్రోజుల్లో చల్లబడేది, మానితే మళ్లీ మొదలు.

ఆ ట్యూబులో ఉండేది స్టెరాయిడ్. బెటామెథాసోన్, క్లోబెటసాల్, మోమెటాసోన్ అని దాని మీద చిన్నచిన్న అక్షరాల్లో ఉంటది. ఎగ్జిమాకో, సోరియాసిస్‌కో ఇన్నిరోజులని లెక్కగట్టి డాక్టర్ రాసే మందు అది. మొహం మీద చర్మం ముందే పల్చన. నెలలకొద్దీ పూస్తే ఇంకా పల్చబడి, సన్నటి రక్తనాళాలు పైకి కనపడతాయి. ఎండ తగిలితే భగ్గుమంటది. దీన్ని స్టెరాయిడ్ రొజేషియా అంటారు.

ట్యూబు జోలికి పోనోళ్లకి కూడా రొజేషియా వస్తది. బుగ్గలు, ముక్కు, నుదురు, గడ్డం వేడెక్కి ఎర్రబడతాయి. తెల్లోళ్ల జబ్బని దీనికి పేరు పడింది. మన చామనఛాయ మీద ఎరుపు సరిగ్గా ఆనదు కాబట్టి “వేడి చేసిందిలే” అని సరిపెట్టుకుంటాం. మన పనులు చూడండి. మిట్టమధ్యాన్నం రొయ్యల గుంటల్లో మేత చల్లే పిలకాయలు, ఇస్కపల్లి ఉప్పు మడుల్లో కూలోళ్లు, తుమ్మలపెంట, మైపాడు ఒడ్డున చేపలెండబెట్టే అక్కలు. పైనుంచి ఎండ, కిందనుంచి నీళ్ల మీద, ఉప్పు మీద పడి ఎగదన్నే ఎండ. ఈ జబ్బుని రాజేసేది ముఖ్యంగా ఎండా, వేడే. వేడి టీ, కారం, మందు కొందరికి పడవు. చేపల పులుసు మానమని నెల్లూరోళ్లకి చెప్పే ధైర్యం నాకు లేదు. ఏది తిన్నరోజు మంట లేస్తుందో రాసుకుంటే ఎవురిది వాళ్లకే తెలుస్తది. ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది మాత్రం కాదు.

షాపాయన ఒక్కడ్నే తిట్టి లాభం లేదు. చీటీ మందుల జాబితాలో స్టెరాయిడ్లు ఉన్నా, ఒంటికి పూసేవాటిలో చాలావాటికి చట్టమే సందు వదిలింది. 2011లో అచ్చైన ఒక పరిశీలనలో, దేశంలో 12 చోట్ల చర్మం డాక్టర్లు మొహం జబ్బులతో వచ్చిన 2,926 మందిని చూస్తే 433 మంది మొహానికి స్టెరాయిడ్ పూస్తున్నోళ్లే. వాళ్లలో సగానికి పైగా డాక్టర్ కానోళ్ల మాట మీద మొదలెట్టారు. చర్మవైద్యుల సంఘం ఐఏడీవీఎల్ పోరగా పోరగా, 2018 మార్చిలో కేంద్రం 14 స్టెరాయిడ్ పూతమందుల్ని చీటీ ఉంటేనే అమ్మే షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. రూలు ఢిల్లీలో మారింది గానీ మనూరి కౌంటర్ మీదకి ఇంకా రాలా. “పిల్ల రంగు తక్కువ” అనే నోళ్లూ మారలా. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ కూడా గ్లో అండ్ లవ్లీ అయింది, మన పెళ్లిచూపుల్లో మాత్రం ఫెయిరే నడుస్తుండాది.

పైగా చర్మం డాక్టర్ కాడికి పోవాలంటే ఒకరోజు కూలి పోద్ది, బస్సు చార్జీ అదనం. షాపు పక్క సందులోనే ఉండాది. ఇది తెలివితక్కువతనం అనేవాళ్లు ఆ లెక్క వేసి మాట్లాడాలి.

ఇప్పుడు పూస్తున్నోళ్లు తమంతట తాము ఒక్కసారిగా మానితే మంట ఎగదన్నుద్ది. ఆ ట్యూబు చేతబట్టుకోని నెల్లూరు దర్గామిట్ట పెద్దాస్పత్రికి పొండి, ఎన్నాళ్లు పూసిందీ దాచకుండా చెప్పండి. ఎట్టా తగ్గించాలో డాక్టర్ చెప్తారు. రొజేషియాకి మెట్రోనిడజోల్, అజెలాయిక్ యాసిడ్ లాంటి పూతలు రాస్తారు. పూర్తిగా పోయే జబ్బు కాదు, అదుపులో పెట్టుకోవచ్చు. కళ్లు కూడా ఎర్రబడి మండుతుంటే ఆలస్యం చెయ్యొద్దు. ఈలోగా నిమ్మరసం, స్క్రబ్, బ్లీచ్ కట్టిపెట్టండి. వాసన లేని సబ్బు, వాసన లేని మాయిశ్చరైజర్, ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్, గుంట మీదకి పోతే నెత్తిన వెడల్పాటి టోపీ.

ట్యూబు కొనేటప్పుడు తిప్పి చూడండి. ఆర్ఎక్స్ గుర్తు ఉంటే అది చీటీ మందు. చీటీ లేకుండా ఇస్తే బిల్లు అడగండి. మా చెల్లెలు అడిగింది, ఆరోజు షాపాయన ట్యూబు మళ్లీ అరలో పెట్టేశాడు.