నడిమి గొంతుక

ప్రతి సంవత్సరము వార్షికోత్సవమునకై గానబృందమును కూర్చునపుడు మాకొక చిక్కు కలుగుచుండును. నాలుగు గొంతుకల పాటలో రాగమును నడిపెడి పై గొంతుకకు పిల్లలు పోటీపడి వత్తురు. గంభీరమైన క్రింది గొంతుకకును కొందఱు సంతోషముతోనే చేరుదురు. ఆల్టో పాడుమన్నచో మాత్రము ముఖములు చిన్నబుచ్చుకొందురు. "అయ్యా, మా పాట యెవరికి వినబడును?" అని వారి ప్రశ్న. "ఎవరికిచ్చిన పని వారు తృప్తితో చేయవలెను" అని మేమింతకాలము బదులు చెప్పుచు వచ్చితిమి. ఆ బదులు చాలదని లయొనెల్ టెర్టిస్ అను ఆంగ్ల వాద్యకారుని చరిత్ర వలన తెలిసికొంటిమి.

ఫిడేలును మన విద్యార్థులందఱు నెఱుగుదురు. దానికంటె కొంచెము పెద్దదై, ఒక పంచమము దిగువ శ్రుతి కలిగిన వాద్యము వయోలా. ఇద్దఱు ఫిడేలువారు, ఒక వయోలావాడు, ఒక చెల్లోవాడు కలిసి వాయించు గోష్ఠికి స్ట్రింగు క్వార్టెట్టు అని పేరు. అందు తఱచుగా పై ఫిడేలు రాగమును, చెల్లో ఆధారమును వహించును. నడుమ నిలిచి ఆ రెంటిని కలుపునది వయోలా. శ్రుతి తగ్గినకొలది పెట్టెయు పెరుగవలెను గాని, అంత పెద్ద పెట్టె భుజముపై నిలువదు. కావున దానిని ఉండవలసిన కొలత కంటె చిన్నదిగానే చేయుదురు; నాదము కొంత మూసుకొనినట్లుండుటకు కారణమిదియే. పూర్వము ఫిడేలులో వెనుకబడినవారికి వయోలా నిచ్చుట తఱచైన వాడుక.

టెర్టిస్ 1876వ సంవత్సరమున వెస్ట్ హార్టిల్‌పూల్ పట్టణమున జన్మించెను. తూర్పు ఐరోపా నుండి వచ్చిన యూదుల కుటుంబము వారిది. తండ్రి యూదుల ప్రార్థనామందిరమున గాయకుడు. పదుమూడవ యేటనే ఇల్లు విడిచి పియానో వాయించి పొట్ట పోసికొనుచు, పిమ్మట లైప్‌జిగ్‌లోను, లండనులోని రాయల్ అకాడమీలోను ఫిడేలు నభ్యసించెను. అకాడమీలో తోటివిద్యార్థి యొకడు క్వార్టెట్టునకు వయోలావాడు దొరకక ఇతనిని అడిగెను. స్నేహితుని కొఱకై చేతబట్టిన ఆ వాద్యమే ఇతని జీవితమయ్యెను. దానిని ఎక్కువగా స్వయంకృషిచేతనే సాధించి, తరువాత ఆ అకాడమీలోనే ఉపాధ్యాయుడయ్యెను.

ఇతడు తృప్తితో ఊరకుండినవాడు కాడు. వయోలాకు తగిన కృతులు లేవని చూచి, వ్రాయుడని స్వరకర్తలను విడువక వేడెను. ఆర్నల్డ్ బాక్సు 1922లో ఒక సొనాటాను, వాన్ విలియమ్స్ 1934లో ఒక సూటును ఇతని కొఱకు వ్రాసిరి. ఎల్గారు చెల్లోకై రచించిన కన్‌చెర్టోను ఇతడు వయోలాకు మార్చగా, ఆ స్వరకర్త సమ్మతించుటయే గాక 1930లో తానే వాద్యబృందమును నడిపెను. ఇంత పేరు వచ్చిన పిదపను టెర్టిస్ నలుగురితో కూడి వాయించు గోష్ఠులను మానలేదు.

ఇతని లోపమును దాచుట న్యాయము కాదు. 1929లో విలియం వాల్టన్ అను యువకుడు పంపిన వయోలా కన్‌చెర్టోను, ఆ నవీనరీతి తనకు నచ్చక, టెర్టిస్ త్రిప్పి పంపెను. ఆ యేడు అక్టోబరు 3వ తేదీన లండనులో హిండెమిత్ దానిని వాయించెను. టెర్టిస్ ఆ సభకు వెళ్లి వినెను. తాను పొరబడితినని గ్రహించి, పిమ్మట ఆ కృతిని తానే నేర్చి వాయించెను. ఆ తప్పును తన గ్రంథములో దాచక ఒప్పుకొనెను. పొరపాటు లేని గురువు కంటె, పొరపాటును దిద్దుకొన్న గురువే విద్యార్థులకు ఎక్కువ మేలు చేయునని మా అభిప్రాయము.

1937లో చేతినొప్పిచే కచేరీలు మానవలసి వచ్చెను. అప్పుడును వాద్యమును విడువక, ఆర్థర్ రిచర్డ్‌సన్ అను శిల్పితో కలిసి పదునాఱు ముప్పాతిక అంగుళముల పెట్టెగల క్రొత్త వయోలాను రూపొందించెను. మంద్రనాదము చెడక, భుజమునకును భారము కాకుండునట్లు దాని కొలతలు కుదిర్చిరి. యుద్ధకాలమున మరల సభలకు వచ్చి, 1964లో ఎనుబదియేడేండ్ల ప్రాయమున తుదిసారి వాయించి, 1975లో మరణించెను.

నడుమ నున్నవారెల్లరు తమ గొంతుక వినబడవలెనని కోరినచో మేళనము చెడదా యని కొందఱడుగవచ్చును. అఱచి వినిపింపగోరినచో తప్పక చెడును. టెర్టిస్ అఱవలేదు, తన పాలి స్వరమును వినదగినదిగా చేసెను. "నీ చోటితో తృప్తిపడుము" అనుట పెద్దలకు సులువైన మాట. "నీ చోటు చిన్నది కాదు, దానిని నీ శ్రమచే నింపుము" అనుట కష్టము. ఏలయన అప్పుడు మేమును వారితో శ్రమింపవలసి యుండును.

ఇంతవరకు పై గొంతుకకే పదిదినములు నేర్పి, ఆల్టోను తుదినాడు తొందరగా ముగించితిమి. వారి పాట వినబడకుండుటలో మా పాలును కలదు. ఈ సంవత్సరము ఆల్టో వారికే మొదట నేర్ప నిశ్చయించితిమి. ప్రియవిద్యార్థులారా, పాట ముగిసిన పిమ్మట ఒకమారు ఆ గొంతుకను తీసివేసి పాడి చూడుడు. మీ ప్రశ్నకు బదులు మీ చెవులే చెప్పును.