ఊపిరికి బొమ్మ ముందా, ఊదుడు ముందా?



కడచిన చలికాలమున సోనేపూరు నేతగాడొకడు మా కార్యాలయమునకు వచ్చి, ఆయాసమునకు సి.టి. స్కాను తీయించవలెను, కూలిమీద అడ్వాన్సు ఇప్పించుడని కోరెను. ఇచ్చితిమి. స్కానులో చెప్పుకొనదగినదేమియు లేదని వచ్చినది. ఆయాసము మాత్రము పోలేదు. పిమ్మట బరంపురమున వేరొక వైద్యుడు స్పైరోమీటరులో గట్టిగా ఊదించి, మందు పీల్పించి, మరల ఊదించి చూచి, గాలిగొట్టములు బిగియుచున్నవని తేల్చెను. అడ్వాన్సు ఇంకను తీరలేదు.

మేము స్కానును నిందించుట లేదు. 1816లో లేనెక్ అను ఫ్రెంచి వైద్యుడు స్టెతస్కోపు కనిపెట్టెను. 1897లో జర్మనీలో కిల్లియన్ గొట్టము దింపి, రోగి గాలిగొట్టములో ఇరుక్కొన్న ఎముకను తీసెను. 1960లలో జపాను వైద్యుడు ఇకెదా వంగెడి గొట్టమును చేయించెను. 1970లలో వచ్చిన సి.టి. స్కాను గొట్టము దింపకయే ఛాతీని పొరలు పొరలుగా చూపును. గొట్టము చొరని ఇరుకునకు ఆవల ఏమున్నదో కూడ చూపును. కాని పరీక్షకు ముక్క తీయుట, అడ్డుపడినదానిని లాగుట దానికి చేతగాదు. పైగా ఎక్సురేకంటె అనేక రెట్లు కిరణములు ఒంటికి సోకును.

బొమ్మ ఆకారమును చూపునుగాని పనిని చూపదు. మగ్గమునకు ఫొటో తీసినంతనే నాడె సాఫుగా ఆడుచున్నదో లేదో తెలియునా? తొక్కి నేసి చూడవలసినదే. పత్తి దుమ్మువలన వచ్చు బిసినోసిస్ అను జబ్బు ఎక్సురేలో తరచు కానరాదు. సెలవు గడచి పనికెక్కిన మొదటిరోజున ఛాతీ పట్టివేసినట్లుండుట దాని గుర్తు. ఇది హెచ్చుగా నూలుమిల్లులలో దూది ఏకుచోట వచ్చును. మన ఇండ్లలో అంత దుమ్ము లేకపోవచ్చును. అయినను, కండెలు చుట్టు ఆడవారిని ఈ ఒక్క ప్రశ్న అడిగిన వైద్యుని మేమింతవరకు చూడలేదు.

కఫములో రక్తము పడినను, కారణము లేక బరువు తగ్గినను, వైద్యుడు స్కాను వ్రాసినచో వెనుదీయరాదు. అట్టివారికి అడ్వాన్సు ఇచ్చుటకు మేమెన్నడును సందేహింపము. దగ్గు రెండు వారములు దాటినచో ముందు కఫపరీక్ష చేయించుకొనవలెను. ప్రభుత్వ ఆసుపత్రులలో అది ఉచితము.

మన వైద్యశిబిరములలో కండ్లు, రక్తపోటు చూచుచున్నారు; ఊదుడు పరీక్ష లేదు. బరంపురమున మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్యకళాశాల 1962 నుండియు ఉన్నది. అచ్చటి ఊపిరితిత్తుల విభాగమువారిని స్పైరోమీటరుతో శిబిరమునకు రమ్మని కోరుచు, రాబోవు సర్వసభ్య సమావేశమున తీర్మానము పెట్టుచున్నాము. సభ్యులు తమ ఇంట ఆయాసపడువారు చేయు పని, ఆయాసము ఏ రోజున హెచ్చుగా నుండునది వ్రాసికొని రావలెను.